సిల్వర్ పడవ వెనక పలక

నా చిన్నప్పుడు మా ఊరికీ అవతలి ఊళ్ళకీ మధ్య గోదావరి ఒక్కటే అడ్డం. లక్సెట్టిపేటకు కొంచెం దిగువన, నది వంపు తిరిగే చోట మా ఊరు. మా ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా, ఎదుటి ఒడ్డు కరీంనగర్ జిల్లా. మా వాళ్ళు పిల్లనిచ్చుకున్న ఇళ్ళు, తెచ్చుకున్న ఇళ్ళు సగం అవతలే ఉండేవి. బస్సులో చుట్టూ తిరిగి పోవాలంటే ఒక పూట పట్టేది. పడవలో అయితే ఒక చుట్ట కాలేలోపు దిగేవాళ్ళు.

ఆ పడవ మా బాపుది, అంటే మా నాన్నది. కాలువల పని చూసే ఏదో ఆఫీసు వాళ్ళు ఇక పనికిరాదని వేలం వేస్తే కొని తెచ్చాడు. అల్యూమినియం పడవ. మా దగ్గర అల్యూమినియం గిన్నెల్ని సిల్వర్ గిన్నెలు అంటారు కాబట్టి అది ఊరందరికీ సిల్వర్ పడవ అయింది. సిల్వర్ తుప్పు పట్టదు, కుళ్ళదు అని బాపు గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమే. కానీ ఆ రేకు ఉత్త డొల్ల. కూర్చునే అడ్డపలకలు, కాళ్ళ కింద పరిచిన పలకలు, రెండు పక్కల రేకుల్నీ వెనక నుంచి కలిపి పట్టుకునే వెడల్పాటి పెద్ద పలక, ఇవన్నీ కట్టెవే. ఆ వెనక పలకకే ఒక కాలు తన్నిపెట్టి బాపు గడ వేసేవాడు.

ఒక ఏడాది వానాకాలం చివర్లో, మా వాడలోని ఒక అక్క తొలి కాన్పుకు తల్లిగారింటికి పోతుంటే, నది నడిమధ్యలో ఆమె కూర్చున్న అడ్డపలక విరిగింది. కింది పలకలు కూడా ఆమె బరువుకు పచ్చి మట్టిలా జారిపోయాయి. ఆమెకూ కడుపులో బిడ్డకూ ఏమీ కాలేదు గాని, ఆ రోజు పడవలో ఉన్నవాళ్ళు వేసిన కేక మా ఇంటిదాకా వినిపించింది. ఆ తర్వాత జనం ఆ పడవను కరిచే కుక్కను చూసినట్టు చూడటం మొదలుపెట్టారు. బాపు సరిగా అన్నం తినేవాడు కాదు.

మా ఊరి వడ్లాయన నాగళ్ళు, బండ్లు చేసేవాడు. రేకులో కట్టె బిగించడం తన వల్ల కాదన్నాడు. ఎండాకాలం వచ్చి నది పలచబడ్డాక, బాపు నిర్మల్ దిక్కు నుంచి ఒక పెద్దాయనను పిలిపించాడు. ఎక్కడో ప్రాజెక్టు దగ్గర ఇలాంటి పడవలు బాగుచేశాడని ఎవరో చెప్పారు.

ఆయన బస్సు దిగిన రోజునే ఊరికి నచ్చలేదు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాటలో మరాఠీ కలిసేది. తాళం వేసిన పెద్ద పనిముట్ల పెట్టె ఒకటి వెంట తెచ్చుకున్నాడు, దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఎవరింట్లోనూ తినేవాడు కాదు. ఒడ్డున పడవ మీద వేసిన పందిరి పక్కనే మూడు రాళ్ళు పెట్టుకుని వండుకునేవాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ కూర పంపిస్తే నవ్వి వద్దని తిప్పి పంపాడు. "మనింట్ల కూర తింటే మాటకు కట్టుబడాలె. గందుకే తింటలేడు" అన్నది అవ్వ. చిన్న మాటే గాని నా మనసులో ముల్లులా దిగింది.

మా మేనమామ, అంటే అవ్వ తమ్ముడు, బొగ్గుబాయిల దిక్కు ఒక కట్టె దుకాణంలో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా నాకు రిబ్బన్లు, చేతినిండా బిస్కెట్లు తెచ్చేవాడు. మామ అంటే నాకు ప్రాణం. పడవ బాగు చేయిస్తున్నారని తెలిసి, సెలవు దొరికిన ఒక ఐతారం నాడు వెనక పలక కోసం మంచి టేకు పలకను బండిలో వేసుకుని వచ్చాడు. ఎర్ర రంగు వేసి నున్నగా మెరుస్తోంది. ఇది బావకు నా దిక్కు నుంచి కానుక అన్నాడు. అవ్వ ఆ పలకను వాకిట్లో రెండు రోజులు ఉంచి, వచ్చిన వాళ్ళందరికీ చూపించింది.

పోయేముందు మామ బాపుతో ఒక మాట అన్నాడు. "బావా, గా నిర్మలాయన మీద ఓ కన్నేసి ఉంచు. మంచి కట్టె మాయం చేసి చెత్త కట్టె పెడ్తరు గిసొంటోల్లు. నేను రోజూ సూస్తున్న."

బాపుకు ఆ పలకలన్నింటి దగ్గరా కాపలా ఉండే తీరిక లేదు. నాకు బడి సెలవులు. నన్నే కూర్చోబెట్టాడు. తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి నాకు. ఇంత పెద్ద పని అంతకుముందు ఎవరూ నా చేతిలో పెట్టలేదు. పొద్దున జొన్న గట్క తిని వెళ్తే పొద్దు వాలేదాకా పందిరి గుంజకు ఆనుకుని ఆయన చేతులనే చూసేదాన్ని.

ఆయన చేసే పని ప్రతిదీ నాకు అనుమానంగానే కనిపించేది. పాత పలకల్లో పైకి బాగా ఉన్నవాటిని కూడా పీకి పారేసేవాడు. దబ్బనం లాంటి ఇనుప మొన ఒకటి ఉండేది. దాన్ని పలకలో గుచ్చితే ఉడికిన ఆలుగడ్డలో దిగినట్టు దిగేది. "సూసినవా, పైన కట్టె, లోపట మట్టి" అనేవాడు నాతో. నేను తల ఊపేదాన్ని గాని, గట్టిగా గుచ్చితే దేంట్లో అయినా దిగుతుంది కదా అనుకునేదాన్ని. పీకేసిన పలకలను కట్టకట్టి పక్కన పెడితే, అమ్ముకోవడానికేమో అనుకున్నాను. తర్వాత వాటినే పొయ్యిలో పెట్టి అన్నం వండుకున్నాడు. అప్పుడు పొయ్యికి మా కట్టెలు వాడుకుంటున్నాడే అనిపించింది. అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక దానికి ఏది పెట్టినా తింటుంది.

ఒక రోజు ఆయన కాళ్ళ కింద పరిచే కొత్త పలకలకు బర్మా పట్టి వరసగా బొక్కలు పెట్టడం చూశాను. ఒక్క పరుగున చేనుకు పోయి, "బాపూ, పడవకు బొక్కలు పెడ్తుండు!" అని అరిచాను. బాపు చేతిలో పార అక్కడే పడేసి వచ్చాడు. ఆయన బర్మా ఆపి నిదానంగా చెప్పాడు. బొక్కలు రేకుకు కాదు, రేకు మీద పరిచే పలకలకు. చిమ్మిన నీళ్ళు, జనం కాళ్ళ తడి పలకల మీదే నిలబడి ఉంటే కట్టె ఊపిరాడక కుళ్ళుతుంది, ఈ బొక్కల్లోంచి కిందికి దిగితే చెంబుతో తోడి బయట పోయవచ్చు, పలక ఆరిపోతుంది అని. కట్టెకూ రేకుకూ మధ్య రబ్బరు ముక్కలు ఎందుకు పెడుతున్నాడో, మేకులు మాని బోల్టులు ఎందుకు బిగిస్తున్నాడో కూడా చూపించాడు. బాపు సరేనని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. తప్పు నాదని ఒప్పుకోవడం కన్నా, ఈ మనిషి చాలా తెలివైనవాడు, మాటలతో బాపును బుట్టలో వేసుకున్నాడు అనుకోవడం తేలికైంది.

ఆ తర్వాత మరింత జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాను. అప్పుడే రెండు సంగతులు నా కంటపడ్డాయి. ఒక సాయంత్రం నిర్మల్ దిక్కు నుంచి వచ్చిన బస్సు మీంచి గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి వస్తువేదో దింపించుకుని, అటూ ఇటూ చూసి పందిరి వెనక దాచాడు. మర్నాడు ఎండ మండిపోతుంటే ఊరంతా తలుపులు వేసుకుని పడుకుంది. నేను ఇంటికి పోయానని ఆయన అనుకున్నట్టున్నాడు. నేను తుమ్మ చెట్టు చాటున ఉన్నాను. మామ తెచ్చిన ఎర్ర పలకను భుజాన వేసుకుని, నది వెంబడి పొదల్లోకి నడిచాడు. వచ్చేటప్పుడు భుజం ఖాళీగా ఉంది. పొద్దు వాలేసరికి పడవకు వెనక పలక బిగించేశాడు. రెండు దిక్కులా డాంబరు పూశాడు. కింద ఏ కట్టె ఉందో దేవుడికి కూడా తెలియకుండా నల్లగా ఉంది.

పరుగున పోయి అవ్వకు చెప్పాను. అవ్వ ముఖం మాడిపోయింది. తమ్ముడి కానుక కదా. బాపు మాత్రం తొందరపడవద్దన్నాడు, ఐతారం నాడు బామ్మర్ది వస్తాడు, వచ్చినంక అడుగుదాం అన్నాడు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నేను పందిరి దగ్గరకు వెళ్ళినా ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆయన నాకు మిగిలిన చెక్కముక్కతో చిన్న ఎద్దు బొమ్మ చెక్కి ఇచ్చాడు. అది కూడా నా నోరు మూయించడానికే ఇచ్చాడని దారిలో పారేశాను.

ఐతారం నాడు మామ వచ్చాడు. సంగతి వినగానే భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. కోపంతో చెమట పట్టిందనుకున్నాను. ఆ వెంటనే అందరికన్నా గొంతు పెద్దది చేసుకున్నాడు.

"నేను చెప్పలేదా బావా? అమ్ముకున్నడు. పా, పోలీసోల్లకు అప్పజెప్పుదాం."

మా వెంట పదిమంది పోగయ్యారు. పందిరి కింద నన్ను మధ్యలో నిలబెట్టి, నువ్వు చూసింది చెప్పు బిడ్డా అన్నారు. నేను గొంతు తడబడకుండా అంతా చెప్పాను. అంతమంది పెద్దవాళ్ళు నా నోటి వంక చూడటం అదే మొదలు. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంకా గుర్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కడన్నా దాక్కోవాలనిపిస్తుంది.

ఆ పెద్దాయన నన్నేమీ అనలేదు. ఎవరినీ ఏమీ అనలేదు. అదే అందరికీ ఇంకా మంట పెట్టింది. ఎవరో ఆయన పెట్టె తాళం రాయితో పగలగొట్టారు. లోపల ఉలులు, బాడిసె, పాత గుడ్డలో చుట్టిన రంపం తప్ప ఏమీ లేవు. ఆయన ఒంగి ఒక్కొక్క ఉలినీ ఏరుకుని, మొనలు తుడిచి మళ్ళీ సర్దుకున్నాడు.

బాపు ముందుకు వచ్చాడు. "పెద్దాయనా, పలక పోతే పోనీ. గీ పడవల నేను మందిని ఎక్కిస్త. పిల్లతల్లులు ఎక్కుతరు. దీని కింద ఏ కట్టె ఉందో నాకు ఎరుక కావాలె" అన్నాడు. ఆయన నేల చూపులు చూస్తుంటే, బాపు గడ్డపార అందుకుని వెనక పలక సందులో పెట్టాడు.

అప్పుడు కదిలాడు ఆయన. గడ్డపార మీద చెయ్యి వేశాడు.

"నక్కో. పీకకు. రేకు చినుగుతది. నీ పలక యాడున్నదో సూపిస్త, రా."

అందరం ఆయన వెనక నదిలోకి దిగే దారిన నడిచాం. పొదలు దాటాక మోకాటి లోతు మడుగు ఉంది. ఆయన నీళ్ళలో దిగి, నాలుగు పెద్ద రాళ్ళు పక్కకు దొర్లించి, ఎర్ర పలకను ఒడ్డుకు లాగాడు. రంగు ఉల్లిపొరలా లేచిపోయి ఉంది. కింద కట్టె నల్లగా, అక్కడక్కడ పురుగు తిన్న గీతలతో కనిపిస్తోంది. ఆయన రొంటిన ఉన్న ఇనుప మొన తీసి నా చేతికి ఇచ్చాడు.

"సూసింది నువ్వే గదా బిడ్డా. నువ్వే గుచ్చు."

గుచ్చాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఆ బొక్కలోంచి నల్లటి నీళ్ళు కారాయి. ఇంకోచోట గుచ్చాను. అక్కడా అంతే. ఒక్కొక్క తలే మామ వైపు తిరగడం మొదలైంది. మా అవ్వ తల కూడా తిరిగింది.

ఆ తలలన్నీ పూర్తిగా తిరిగేలోపే పెద్దాయన మాట్లాడాడు. అన్ని రోజుల్లో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

"తమ్మీ, నీకు గీ పలక అమ్మినోడెవడో గాని నిన్ను మోసం జేసిండు. పాత కట్టెకు రంగేసిండు. నేను కూడా మొన దిగేదాక టేకే అనుకున్న. నీ తప్పేం లేదు."

మామ గొంతు సవరించుకున్నాడు. "అవు. నన్ను మోసం జేసిండ్రు" అన్నాడు. చాలా చిన్నగా.

జనం మామ మీది నుంచి చూపు తిప్పుకున్నారు. ఆ అమ్మినవాడిని తిట్టడం మొదలుపెట్టారు. బాపు మాత్రం అడిగాడు, "మరి నాకెందుకు చెప్పలే?"

"నీ బామ్మర్ది ప్రేమతోని తెచ్చిండాయె. నేను రేపోమాపో బస్సెక్కి పోయేటోన్ని. మీరు కలిసి ఉండేటోల్లు. మా ఊరి నుంచి మంచి పలక తెప్పించి ఏసిన. గిది నీళ్ళల్ల ఏసిన, వానలు పడితే గోదారి తీస్కపోతుండె."

వాళ్ళందరూ పలకను చూస్తున్నారు. నేను పొట్టిదాన్ని, మామకు ఎదురుగా కింద కూర్చుని ఉన్నాను కాబట్టి మామ ముఖం చూశాను. మామ పలకను చూడటం లేదు. ఆ పెద్దాయనను చూడటం లేదు. మా అవ్వను చూస్తున్నాడు. దొంగచాటుగా, రెప్పల కింద నుంచి. కుండ పగలగొట్టి చెప్పకుండా కూర్చున్న రోజున నేనూ అవ్వను అలాగే చూశాను. అందుకే నాకు తెలిసిపోయింది. పొద్దస్తమానం కట్టెల మధ్య తిరిగే మనిషికి ఆ పలక ఏమిటో ముందే తెలుసు. తక్కువకు దొరికిందని తెచ్చి, టేకు అని ఇచ్చాడు. పడవ పనివాడు మొదటి గుచ్చుకే పట్టుకుంటాడని భయపడే, ముందుగా ఆయన మీద అనుమానం నాటిపోయాడు. ఇదంతా మాటల్లో నాకు అర్థమైంది పెద్దయ్యాక. ఆ రోజు తెలిసింది ఆ చూపు మాత్రమే. నేను తల పైకెత్తితే మామ నన్ను చూశాడు. వెంటనే తల తిప్పుకున్నాడు.

బాపు గడ్డపార నేల మీద పెట్టి, "తప్పయింది పెద్దాయనా" అన్నాడు. తాళం పగలగొట్టినవాడు తాళం కొనిస్తానన్నాడు. పెద్దాయన అందరికీ తల ఊపి, అడ్డపలకలకు రెండో పూత డాంబరు వేయడానికి వెళ్ళిపోయాడు, ఏమీ జరగనట్టే.

మూడో రోజు ఆయన వెళ్ళిపోతుంటే అవ్వ జొన్న రొట్టెలు మూటకట్టి నా చేత పంపింది. ఈసారి వద్దనకుండా తీసుకున్నాడు. బస్సు వచ్చేదాకా ఆయన పక్కన నిలబడ్డాను. తప్పయిందని చెప్పడానికి బదులు ఆయన పెట్టె వంకే చూస్తూ ఉన్నాను. ఆయనే అన్నాడు.

"నీ కండ్లు మంచిగ పనిజేస్తయి బిడ్డా. గా దినం అనుమానం రాంగనే నా తానికి వచ్చి అడిగితే అయిపోతుండె. ఒక్కదానివే వచ్చి అడిగితే ఒక్కదానికే చెప్తుంటి."

అందులో కోపం లేదు. పలక ఎలా బిగించాలో చెప్పినట్టే చెప్పాడు. బస్సు వచ్చింది. పెట్టెను తనే పైకి ఎక్కించుకున్నాడు.

ఆ వానాకాలం గోదావరి రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ పారింది. సిల్వర్ పడవ ఒక్క రోజు ఆగలేదు. వంతెన కట్టి జనం పడవ మానేసేదాకా, చాలా ఏళ్ళు, బాపు ఆ వెనక పలకకే కాలు తన్నిపెట్టి గడ వేశాడు. పలక కదలలేదు.

మామ సంగతి నేను అవ్వకు చెప్పలేదు, బాపుకూ చెప్పలేదు. అవ్వ పోయేదాకా తన తమ్ముడిని ఎవరో మోసం చేశారనే నమ్మింది. ఆ మోసగాడికి శాపనార్థాలు కూడా పెట్టేది. అవి విన్నప్పుడల్లా మామ లేచి బయటికి పోయేవాడు. ఆ తర్వాత మామ మా ఇంటికి ఏది తెచ్చినా మంచిదే తెచ్చాడు, అవసరానికి మించి మంచిది తెచ్చాడు. బాపు మంచం పట్టినప్పుడు ఆర్నెల్లు మా దగ్గరే ఉండి ఎత్తి దించాడు. ఆ రోజు పదిమందిలో దొంగ అనిపించుకుని వెళ్ళి ఉంటే మళ్ళీ మా గడప తొక్కేవాడా అని ఆలోచిస్తుంటాను. తొక్కేవాడు కాదు.

నాలుగేళ్ళ కిందట మామ చివరి రోజుల్లో చూడటానికి వెళ్ళాను. ఇంట్లో వాళ్ళను చాయ పెట్టమని లోపలికి పంపించి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"గా దినం నువ్వు నా మొఖం సూసినవు గదా, కోడలా?"

సూసిన అన్నాను.

"మరి అక్కకు ఎందుకు చెప్పలే?"

"గా పెద్దాయనే చెప్పలే గదా మామా. నేనెట్ల చెప్త?"

మామ కళ్ళు మూసుకున్నాడు. చాయ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పాను. పెన్ను పోయిందనీ, బువ్వ డబ్బా ఖాళీ అయిందనీ, ఎవరో తీశారనీ రోజూ ఏదో ఒక గొడవ వచ్చేది. ఏ పిల్లనూ తరగతి ముందు నిలబెట్టి అడగలేదు. బయట చెట్టు కిందకు తీసుకుపోయి ఒక్కదాన్నే అడిగేదాన్ని. కొందరు నా ముఖం మీదే అబద్ధం చెప్పి తప్పించుకున్నారు, అది నాకు తెలుసు. అయినా ఆ పద్ధతి మార్చుకోలేదు. ఇప్పుడు మా ఇంట్లోనూ అంతే.

ఒక్క బాధ మాత్రం మిగిలింది. ఆ ఎండల్లో అన్ని రోజులు ఆ పెద్దాయన చేతులనూ పెట్టెనూ పొయ్యినీ కన్నార్పకుండా కాపలా కాశాను. ఆయన పేరేమిటని మాత్రం ఒక్కసారీ అడగలేదు.